పడ్డాక బంతి ఏం చేస్తోంది?

ఉప్పల్ అనగానే అందరికీ క్రికెట్ స్టేడియమే గుర్తొస్తుంది. మ్యాచ్ ఉన్న రోజున రింగ్ రోడ్డు నుంచి హబ్సిగూడ దాకా బండి కదలదు, మెట్రోలో కాలు పెట్టే చోటుండదు. మామూలు రోజుల్లో మాత్రం సాయంత్రం ఏడు దాటాక ఈ చుట్టుపక్కల కాలనీల్లో ఓసారి నడిచి చూడండి. చిలకానగర్, స్నేహపురి, హెచ్‌ఎంటీ నగర్, రామంతాపూర్... అపార్ట్‌మెంట్ సెల్లార్లలోనో, కాలనీ సంఘం హాళ్ళలోనో ట్యూబ్‌లైట్ కింద నీలం బల్ల ఒకటి వేసి ఉంటుంది. చుట్టూ నలుగురైదుగురు పిల్లలు, చేతుల్లో బ్యాట్లు. స్టేడియం నీడలోనే టేబుల్ టెన్నిస్ కూడా పెరుగుతోంది.

హైదరాబాద్‌కు ఈ ఆట కొత్తదేమీ కాదు. ఇక్కడి మీర్ ఖాసిం అలీ 1969లోనే అర్జున అవార్డు అందుకున్నారు. నేను నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫ్యాక్టరీ మెయింటెనెన్స్ విభాగంలో చేరిన రోజుల్లో రిక్రియేషన్ క్లబ్బంటే క్యారమ్ బోర్డు, టీటీ బల్ల ఉండాల్సిందే. షిఫ్టు దిగి, చేతులకంటిన గ్రీజు కడుక్కుని, రెండు గేములాడి ఇంటికి పోయేవాళ్ళం. ఇప్పుడా ఉత్సాహం పిల్లలకు పట్టింది. దానికి కారణం ఆకుల శ్రీజ అని నా గట్టి నమ్మకం. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో శరత్ కమల్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచింది. 2024లో పారిస్ ఒలింపిక్స్ సింగిల్స్‌లో చివరి పదహారు మందిలో నిలిచింది. మన ఊరమ్మాయి టీవీలో అలా ఆడుతుంటే చూసి బ్యాట్ కావాలని మారాం చేసిన పిల్లలు మా వీధిలోనే ఉన్నారు.

బ్యాట్ తరువాత బల్ల, బల్ల తరువాత కోచింగ్. ఆ తరువాత కొందరి ఇళ్ళలోకి వస్తున్నది ప్రాక్టీస్ రోబో. పేరు విని మనిషి ఆకారం ఊహించుకోవద్దు. గూగుల్ డీప్‌మైండ్ వాళ్ళు 2024లో చూపించిన రోబో చెయ్యి వేరే సంగతి. అది మనుషులతో 29 మ్యాచ్‌లాడి 13 గెలిచింది, ఎదుటివాళ్ళ బంతిని చూసి తిప్పికొడుతుంది. మన ఇళ్ళలో ఉండేది అంత తెలివైనది కాదు. బల్లకు అవతలి చివర పెట్టే బంతుల యంత్రం. బుట్టలో వంద బంతులు పోస్తే ఒక్కొక్కటే విసురుతూ ఉంటుంది. పిల్లవాడు ఇవతల నిలబడి ఒకే షాట్‌ను కొట్టిందే కొడుతూ చేతికి పట్టుబడేలా చేసుకుంటాడు. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకు పోయే ఇళ్ళలో, కోచ్ దగ్గర వారానికి రెండు మూడు గంటలే దొరికే చోట, ఇది మంచి తోడు.

చిక్కల్లా అది పాడైనప్పుడే. ఎక్కువ భాగం చైనా నుంచి వచ్చినవి, ఆన్‌లైన్‌లో కొన్నవి, లేదా ఒకరి దగ్గర నుంచి ఒకరు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నవి. సర్వీస్ సెంటర్ ఉండదు. టీవీ మెకానిక్ చూసి తనకు తెలియదంటాడు, మోటార్ వైండింగ్ షాపువాళ్ళు ఇంత చిన్న మోటారు చెయ్యం అంటారు. ఆ రెండు షాపుల మధ్య తిరిగి తిరిగి కొన్ని మిషన్లు నా దగ్గరికి వస్తుంటాయి. రిటైరయ్యాక ఇంటి వెనక షెడ్డులో ఒక బెంచీ, వైస్, సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్ పెట్టుకున్నాను. ఇన్ని మిషన్లు విప్పి చూశాక నాకు అర్థమైన విషయం ఒకటుంది. రోబో పూర్తిగా ఆగిపోతే అంత ప్రమాదం లేదు, వెంటనే తెలుస్తుంది. తిరుగుతూనే ఉండి, బంతులు విసురుతూనే ఉండి, లోపల అరిగిపోతున్న రోబోతోనే పిల్లల ఆట చెడుతుంది.

ఇది ఎందుకో చెప్పాలంటే ముందు చక్రాల లెక్క తెలియాలి.

బంతిని విసిరేది చక్రాలే. కొన్ని మిషన్లలో ఒకటే చక్రం. న్యూజీ వాళ్ళ రోబో-పాంగ్ అలాంటిదే: ఒక పక్క చక్రం తిరుగుతుంది, ఎదురుగా కదలని దిమ్మ ఉంటుంది, రెంటి మధ్య నుంచి బంతి నలుగుతూ బయటికి దూకుతుంది. బటర్‌ఫ్లై వాళ్ళ అమికస్‌కు మూడు చక్రాలు. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి రెండు చక్రాలవి, ఒకటి పైన, ఒకటి కింద. రెండూ ఒకే వేగంతో తిరిగితే బంతి స్పిన్ లేకుండా పోతుంది. పైది వేగంగా తిరిగితే టాప్ స్పిన్, కిందిది వేగంగా తిరిగితే బ్యాక్ స్పిన్.

బంతి జారకుండా చక్రాలు గట్టిగా పట్టుకున్నాయనుకుని ఒక ఉదాహరణ వేద్దాం. పై చక్రం అంచు సెకనుకు 10 మీటర్ల వేగంతో, కింది చక్రం అంచు 4 మీటర్ల వేగంతో తిరుగుతున్నాయి. బంతి ముందుకు పోయే వేగం ఆ రెంటి సగటు, అంటే 7 మీటర్లు. స్పిన్ వచ్చేది రెంటి తేడా నుంచి. తేడా 6, అందులో సగం 3 మీటర్లు. బంతి వ్యాసం 40 మిల్లీమీటర్లు కాబట్టి చుట్టుకొలత పన్నెండున్నర సెంటీమీటర్లు. ఆ లెక్కన బంతి సెకనుకు దాదాపు 24 చుట్లు తిరుగుతూ వస్తుంది.

ఇప్పుడు పై మోటారు అరిగి, 10 ఇవ్వాల్సింది 8 మాత్రమే ఇస్తోందనుకోండి. వేగం 7 నుంచి 6కు తగ్గింది, ఏడో వంతు. స్పిన్ మాత్రం 24 చుట్ల నుంచి 16కు పడిపోయింది, మూడో వంతు. బంతి కాస్త నెమ్మదించిందని ఇంట్లో వాళ్ళు గమనించి కింది చక్రం నాబ్ తిప్పి 6 చేస్తారు. వేగం మళ్ళీ 7 అయింది, అందరికీ సంతోషం. కానీ తేడా ఇప్పుడు 2 మాత్రమే. స్పిన్ సెకనుకు 8 చుట్లు! మొదట్లో ఉన్నదాంట్లో మూడో వంతు.

చూడటానికి అదే వేగం, దాదాపు అదే చోటు. ఆడే పిల్లకు మాత్రం అది వేరే బంతి. టాప్ స్పిన్ బంతి గాలిలో ఉండగానే కిందికి వంగుతుంది. బల్లను తాకాక ముందుకు ఎగదన్నుతుంది. దానికి బ్యాట్ ముఖాన్ని కొంచెం ముందుకు వంచి పట్టాలి. స్పిన్ పోయిన బంతికి అంత వంచక్కర్లేదు. నెలల తరబడి అలాంటి బంతికి అలవాటుపడిన చెయ్యి టోర్నమెంట్‌లో అసలైన టాప్ స్పిన్ ఎదురవగానే బంతిని బల్ల అవతలికి లేపేస్తుంది.

చిలకానగర్ నుంచి ఒక తండ్రీకూతుళ్ళు రోబోను స్కూటర్ మీద పెట్టుకొచ్చినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. అమ్మాయి తొమ్మిదో తరగతి. తండ్రికి మిషన్ మీద అనుమానం లేదు. బుట్టలో బంతి ఇరుక్కుంటోంది, అది చూడమన్నాడు.

“మిగతాదంతా మంచిగనే ఉంది సార్. బంతి అక్కడ్నే పడుతుంది, నేను రోజూ చూస్తున్న కదా,” అన్నాడు.

అమ్మాయి ఒప్పుకోలేదు. “అక్కడే పడుతుంది అంకుల్, కానీ పడ్డంక లేస్తలేదు. మొదట్ల నా మీదికి వచ్చేది, ఇప్పుడు నేనే ముందుకు పోయి కొడుతున్న.”

ఇంతకంటే మంచి రిపోర్టు ఏ ఇంజినీరూ రాయలేడు. ఆడేవాళ్ళ మాట వినకుండా మిషన్ విప్పకూడదని నేను అందుకే అంటాను. మోటారు చప్పుడు విని చెప్పగలిగేది కొంతే. బంతి పడ్డాక ఏం చేస్తోందో దాన్ని ఎదుర్కొనే చేతికే ముందు తెలుస్తుంది.

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు బంతుల్ని చూడాలి. వాళ్ళ సంచీలో నాలుగు రకాలున్నాయి. పాతవి, కొత్తవి, అతుకున్నవి, లేనివి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ అయ్యాక బంతి 38 మిల్లీమీటర్ల నుంచి 40కి పెరిగింది. 2014 నుంచి సెల్యులాయిడ్ పోయి ప్లాస్టిక్ వచ్చింది. బరువు రెండు గ్రాముల ఏడు వందల మిల్లీగ్రాములు. ఇంత తేలికైన వస్తువు వ్యాసంలోనో, పైపూతలోనో కొంచెం తేడా ఉన్నా చక్రం పట్టు మారిపోతుంది. రోబోలో ఎప్పుడూ ఒకే కంపెనీ, ఒకే రకం బంతులు వాడాలి. కొత్త ప్లాస్టిక్ బంతుల మీద సన్నని పొడి ఉంటుంది. డబ్బాలోంచి తీసి నేరుగా బుట్టలో పోస్తే ఆ పొడి చక్రాలకంటి, బంతి జారడం మొదలవుతుంది. గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి కడిగి, తువ్వాలు మీద నీడన ఆరబెట్టాలి. పగుళ్ళున్న బంతిని చెవి దగ్గర గోటితో మీటితే చప్పుడు మారుతుంది, వెంటనే పారెయ్యాలి. ఆ తండ్రి చెప్పిన ఇరుక్కుపోయే జబ్బుకు కారణం అలా పగిలిన బంతే. దాని పగులు అంచు లోపలి ప్లాస్టిక్ రెక్కకు తగులుకుంటోంది. ఆయన తెచ్చిన సమస్య అక్కడితో తీరిపోయింది. అమ్మాయి చెప్పింది మిగిలింది.

ముందు మూత తీశాను. వరంగల్ రోడ్డుకు దగ్గరగా ఉండే ఇళ్ళలో మిషన్ విప్పితే దుమ్ము ఎంత ఉంటుందో ఈ ప్రాంతం వాళ్ళకు చెప్పక్కర్లేదు. పెయింట్ బ్రష్‌తో దులిపి చక్రాలు చూశాను. రబ్బరు మెరుస్తోంది. మెరవకూడదు. బంతుల పొడి, చెయ్యి జిడ్డు, దుమ్ము కలిసి రబ్బరు మీద గాజులాంటి పొర కడతాయి. తడి గుడ్డతో తుడిచి, ఆరాక 400 నంబరు ఎమరీ పేపర్‌తో చక్రాన్ని చేత్తో తిప్పుతూ తేలిగ్గా రుద్దితే ఆ మెరుపు పోయి మందంగా నల్లటి రంగు తేలుతుంది. పెట్రోలు, థిన్నర్ లాంటివి దగ్గరికి రానివ్వొద్దు. స్పాంజ్ చక్రమైతే వాటికి కరిగిపోతుంది, రబ్బరైతే ఉబ్బుతుంది.

పై చక్రం వెనక మోటారు షాఫ్ట్‌కు పొడుగాటి వెంట్రుకలు దారపు కండెలా చుట్టుకుని ఉన్నాయి. బంతులు నేల మీద దొర్లి, వెంట్రుకలు అంటించుకుని లోపలికి తెస్తాయి. పిన్నీసుతో లేపి, బ్లేడుతో కోసి, ట్వీజర్‌తో లాగాలి. బేరింగ్ బుష్ లోపలికి దూరితే మోటారు వేడెక్కుతుంది. ప్రతి బుట్టెడు బంతులనూ గుడ్డలో వేసి ఒకసారి దొర్లించి పోస్తే ఈ తిప్పలే ఉండవు.

చక్రాల మధ్య ఖాళీ వెర్నియర్‌తో కొలిచాను. 40 మిల్లీమీటర్ల బంతి నలిగి పోవాలంటే ఖాళీ అంతకంటే కొంచెం తక్కువ ఉండాలి, రబ్బరు ఆ మేరకు సర్దుకుంటుంది. అది సరిగానే ఉంది. శుభ్రం చేశాక మళ్ళీ పెట్టి ఆడిస్తే కొంత మెరుగైంది కానీ అమ్మాయి ముఖం చూస్తే తెలుస్తోంది, ఇంకా రాలేదని.

ఇక మోటారా, బోర్డా? ఇంట్లో రిపేరు చేసుకునేవాళ్ళు ఎక్కువ డబ్బు తగలేసేది ఈ ప్రశ్న దగ్గరే. అనుమానంతో బోర్డు కొంటారు, అది వచ్చాక మోటారు కొంటారు. రెండు చక్రాల రోబోలో రెండు మోటార్లూ ఒకటే రకం కావడం మనకు పెద్ద సాయం. ఒకదానికి ఇంకోటే కొలబద్ద. వైర్ల కనెక్టర్లు తీసి అటుదిటు, ఇటుదటు గుచ్చాలి. పై మోటారుకు కింది దాని కరెంటు, కింది మోటారుకు పైదాని కరెంటు. నాబ్‌లు రెండూ ఒకే చోట పెట్టి తిప్పితే, నీరసం మోటారుతోపాటే వచ్చిందా, లేక బోర్డు వైపే ఉండిపోయిందా అన్నది నిమిషంలో తేలిపోతుంది. ఈ మిషన్లో నీరసం మోటారుతోనే వచ్చింది. పై చక్రానిదే.

ఆశ్చర్యం లేదు. పిల్లలు ఎక్కువగా సాధన చేసేది టాప్ స్పిన్ బంతుల మీదే. అంటే రోజూ పై మోటారు పరిగెడుతుంది, కిందిది నడుస్తుంది. అరిగేది ముందు పైదే. నా దగ్గరికి వచ్చిన రెండు చక్రాల మిషన్లలో ఎక్కువగా చూసింది ఇదే.

ఈ మోటార్లు కార్బన్ బ్రష్‌లవి. ఇంట్లో మిక్సీ మెకానిక్ ‘కార్బన్లు అయిపోయినయ్’ అంటాడు చూడండి, అవే. తిరిగే భాగం మీద రాగి ముక్కలతో చేసిన కమ్యుటేటర్ ఉంటుంది, దాని మీద కార్బన్ రాసుకుంటూ కరెంటు అందిస్తుంది. రాసుకున్నకొద్దీ కార్బన్ అరిగి, ఆ నల్లపొడి రాగి ముక్కల మధ్య సందుల్లో పేరుకుంటుంది. మోటారు విప్పకుండానే దీన్ని పట్టుకోవచ్చు. వైర్లు తీసేసి మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి రెండు టెర్మినళ్ళ మీద ఉంచి, షాఫ్ట్‌ను వేళ్ళతో చాలా నెమ్మదిగా తిప్పాలి. మంచి మోటారులో అంకె కొద్ది ఓమ్‌ల దగ్గరే స్వల్పంగా ఊగుతుంది. అరిగినదాంట్లో ఒక్కసారిగా పైకి లేచి, మధ్యలో తెగిపోయి, మళ్ళీ వస్తుంది. ఆ తండ్రికి మీటర్ ఇచ్చి చూడమన్నాను. కింది మోటారు అంకె దాదాపు కదల్లేదు. పైదాని అంకె గంతులేసింది. ఇక నేనేమీ వివరించాల్సిన పనిలేకపోయింది.

పెద్ద సైజు మోటార్లు కొన్నింట్లో కార్బన్లు మార్చుకునే వీలుంటుంది. చిన్న డబ్బా మోటార్లలో మోటారే మార్చాలి. అందుకు కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళాలి. ఎలక్ట్రానిక్ విడిభాగాలకు ఊళ్ళో నాకు తెలిసిన చోట్లలో అదే ముందు. పాత మోటారును జేబులో వేసుకుని వెళ్ళడం తప్పనిసరి. వోల్టేజీ, డబ్బా వ్యాసం, షాఫ్ట్ మందం, ముందు వైపు స్క్రూ రంధ్రాల మధ్య దూరం, నిమిషానికి చుట్లు... ఈ అయిదూ కలవాలి. చుట్ల సంగతి లేబుల్ మీద లేకపోయినా లెక్క వేసుకోవచ్చు. 60 మిల్లీమీటర్ల చక్రం అంచు సెకనుకు 10 మీటర్లు పోవాలంటే మోటారు నిమిషానికి దాదాపు 3,200 చుట్లు తిరగాలి. లోడ్ మీద ఆ చుట్లు రావాలి కాబట్టి ఇంకొంచెం ఎక్కువది ఎంచుకోవాలి.

ఒకటే పోయినా రెండూ కొనాలని నా సలహా, అదీ ఒకే పెట్టెలోంచి. కొత్తది పైన, సగం అరిగినది కింద పెడితే నాబ్ మీద గీతలకు అర్థం ఉండదు. పాత కింది మోటారును పారెయ్యక్కర్లేదు, ఇంకో మిషన్‌కు పనికొస్తుంది.

కొత్త మోటారు బిగించేటప్పుడు చాలామంది మర్చిపోయే చిన్న వస్తువొకటి ఉంది. పాత మోటారు టెర్మినళ్ళ మధ్య పప్పు గింజంత సిరామిక్ కెపాసిటర్ ఉంటుంది, మీద 104 అని అచ్చు. కార్బన్ దగ్గర లేచే నిప్పురవ్వల వల్ల పుట్టే ఎలక్ట్రికల్ గోలను అది అణుస్తుంది. దాన్ని కూడా విప్పి కొత్తదానికి సోల్డర్ చెయ్యాలి. లేకపోతే మోటారు బాగానే తిరుగుతుంది కానీ కంట్రోల్ బాక్స్ ఉన్నట్టుండి రీసెట్ అవుతుంది, రిమోట్ పనిచెయ్యదు, అసలు కారణం ఎవరికీ అంతుబట్టదు. సోల్డర్ చేసేటప్పుడు ఐరన్‌ను టెర్మినల్ మీద ఎక్కువసేపు ఆనించి ఉంచొద్దు, వెనక మూత ప్లాస్టిక్‌ది, కరిగి కార్బన్ పక్కకు ఒరుగుతుంది.

చక్రం దగ్గర ఇంకో పని తేలింది. మోటారు షాఫ్ట్ ఒక వైపు చదునుగా చెక్కి ఉంటుంది, చక్రం గ్రబ్ స్క్రూ సరిగ్గా ఆ చదును మీద కూర్చోవాలి. ఎప్పుడో ఎవరో గుండ్రటి వైపు బిగించారు. స్క్రూ జారీ జారీ చక్రం రంధ్రాన్ని పెద్దది చేసింది. అది చేత్తో సరిచేసే పని కాదు, లేత్ పని. నాచారంలో ఉండటం వల్ల నాకున్న సుఖం ఇదే. ఇండస్ట్రియల్ ఏరియా వెనక వీధుల్లో జాబ్ వర్క్ చేసే లేత్ షాపులు వరసగా ఉంటాయి. పెద్ద కంపెనీల షాఫ్టులు, ఫ్లాంజ్‌లు చేసే చేతులు. అరచేతిలో పట్టే రోబో చక్రాన్ని కూడా అంతే శ్రద్ధగా పట్టుకుంటాయి.

“ఎంత టైట్ ఉండాలె అన్నా?” అని అడిగాడు లేత్ మీదున్న తమ్ముడు.

“చేత్తో నెడితే ఎక్కాలె. ఊపితే కదలొద్దు.”

ఇంకేం అడగలేదు. రంధ్రాన్ని పెద్దది చేసి, ఇత్తడి బుష్ తిప్పి, లోపలికి దిగ్గొట్టి, షాఫ్ట్ కొలతకు బోర్ చేశాడు. తరువాత నేను అడక్కముందే డయల్ గేజ్ పెట్టి చక్రాన్ని తిప్పి చూశాడు. ముల్లు కదిలీ కదలనట్టు ఉంది. చక్రం కేంద్రం తప్పితే ప్రతి చుట్టుకూ పట్టు బిగుస్తూ వదులవుతూ ఉంటుంది, ఒక బంతి పొడుగు, ఒక బంతి పొట్టి పడతాయి. ఈ తమ్ముడు టేబుల్ టెన్నిస్ ఎప్పుడూ ఆడలేదు. అయినా ఆ మిషన్‌కు అవసరమైన ముఖ్యమైన కొలత తీసింది అతనే. ఇలాంటి చేతులు నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఊళ్ళో వస్తువును పారేసి కొత్తది తెప్పించడం నాకు మనసొప్పదు.

ఈ మిషన్లో రాని జబ్బుల గురించీ కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ ఇంట్లోది ఇదే కాకపోవచ్చు.

స్విచ్ వెయ్యగానే నాబ్‌తో పనిలేకుండా ఒక చక్రం పూర్తి వేగంతో పరిగెత్తితే బోర్డు మీద మాస్‌ఫెట్ షార్ట్ అయిందని అర్థం. మూడు కాళ్ళ నల్లటి భాగం, మీద నంబరు ఉంటుంది. కోఠీలో తక్కువ ధరకే దొరుకుతుంది. అయితే అది ఊరికే పోదు. చాలాసార్లు దాని పక్కనున్న డయోడ్ ముందే పోయి ఉంటుంది, లేదా మోటారు జామ్ అయి కరెంటు ఎక్కువ లాగి ఉంటుంది. ఆ కారణం చూడకుండా మాస్‌ఫెట్ ఒక్కటీ మారిస్తే కొత్తది కూడా అదే దారి పడుతుంది. నాబ్ తిప్పుతుంటే వేగం మధ్యలో ఎగిరిపడితే అది పాత రేడియోల్లో వాల్యూమ్ కంట్రోల్ గరగరలాడిన జబ్బే, లోపలి కార్బన్ పట్టీ మీద దుమ్ము. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి అటూ ఇటూ తిప్పితే కొన్నాళ్ళు నడుస్తుంది, మార్చేస్తే బెంగే ఉండదు. బుట్ట నిండా బంతులున్నా మిషన్ లేవని ఆగిపోతే ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ కన్ను మీద మసి చూడండి. ఆ వెలుగు మన కంటికి కనపడదు. ఫోన్ ముందు కెమెరా పెట్టి చూస్తే చాలా ఫోన్లలో ఊదారంగు చుక్కలా కనిపిస్తుంది. అది కనిపిస్తే బల్బు బతికే ఉంది, తుడిస్తే చాలు.

అన్నీ బాగానే ఉండి రెండు చక్రాలూ కలిసి నీరసిస్తే తప్పు అడాప్టర్‌ది. ఖాళీగా కొలిస్తే 24 వోల్టులు చూపిస్తుంది, రెండు మోటార్లూ తిరుగుతుండగా కొలిస్తే బాగా కిందికి పడిపోతుంది. అందుకే ఎప్పుడూ లోడ్ మీదే కొలవాలి. అడాప్టర్‌ను మాత్రం దయచేసి విప్పొద్దు. మన ఇంటి 230 వోల్టుల కరెంటు దాని లోపలి కెపాసిటర్లో 320 వోల్టులు దాటి నిలవ ఉంటుంది, ప్లగ్ తీసేశాక కూడా కొంతసేపు అక్కడే ఉంటుంది. చెయ్యి తగిలితే ప్రాణానికి ముప్పు. అదే వోల్టేజీ, అంతే లేదా ఎక్కువ ఆంపియర్లు, అదే పోలారిటీ ఉన్నది కొత్తది కొనుక్కోండి. నాకు అన్నీ విప్పే అలవాటున్నా, ఇంట్లో నేర్చుకుంటున్నవాళ్ళకు ఇది మాత్రం విప్పమని ఎన్నడూ చెప్పను. చక్రాలు తిరుగుతుండగా పిల్లల జడలు, చున్నీలు, వేళ్ళు దగ్గరికి పోకుండా చూడటం కూడా అంతే ముఖ్యం.

ఇక ఆ మిషన్ బాగయిందో లేదో తేల్చాలి. స్నేహపురిలో కాలనీ హాలు బల్ల మీద పెట్టాం. పడాల్సిన చోట ఒక ఏ4 కాగితం అంటించాను. ఇవతలి అంచు పక్కన నిలువుగా ఒక అట్ట, దాని మీద స్కెచ్ పెన్‌తో సెంటీమీటర్ల గీతలు. కాగితం మీద పడుతోందా అన్నది మొదటి పరీక్ష. పడ్డాక బల్ల అంచు దాటేటప్పుడు అట్ట మీద ఏ గీత దగ్గర పోతోంది అన్నది రెండోది. బంతులు ఒకే ఎత్తులో దాటాలి.

మూడో పరీక్షకు ఫోన్ చాలు. బంతి చుట్టూ మార్కర్‌తో ఒక నల్లగీత గీసి, సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లో మోషన్‌లో పక్క నుంచి వీడియో తీయాలి. గీత ఒక చుట్టు తిరిగి మళ్ళీ మొదటి చోటికి రావడానికి ఎన్ని ఫ్రేములు పట్టిందో లెక్కపెట్టాలి. సెకనుకు 24 చుట్లయితే పది ఫ్రేములు. 16 అయితే పదిహేను. 8 అయితే ముప్పై. ఆ అమ్మాయి ఈ లెక్క తనే చేస్తానని ఫోన్ లాక్కుంది. రిపేరుకు ముందు తీసిన వీడియోను, తరువాత తీసినదాన్ని పక్కపక్కన పెట్టుకుని, వేలితో ఒక్కో ఫ్రేమూ జరుపుతూ లెక్కపెట్టింది. తేడా చూశాక తండ్రి మాట్లాడలేదు, కింది నాబ్‌ను పాత గీత దగ్గరికి తనే వెనక్కి తిప్పాడు.

ఆడటం మొదలుపెట్టగానే తొలి బంతులన్నీ ఆమె బ్యాట్ తగిలి గాలిలోకి లేచి గోడకు తగిలాయి. స్పిన్ తిరిగొచ్చింది, చెయ్యి ఇంకా పాత బంతి దగ్గరే ఉంది. వేగం తగ్గించి, స్పిన్ అలాగే ఉంచి, రోజూ కొంత కొంత పెంచుకోమన్నాను. మిగతాది కోచ్ చూసుకోవాల్సిన పని.

మిషన్ ఇచ్చేసే ముందు మూత లోపలి వైపు ఒక స్టిక్కర్ అంటించాను. తేదీ, పై నాబ్ ఏ గీత దగ్గర, కింది నాబ్ ఏ గీత దగ్గర, తల ఎంత వంపు, ఏ కంపెనీ బంతి, ఎన్ని ఫ్రేములకు ఒక చుట్టు, బల్ల అంచు దాటేటప్పుడు ఎంత ఎత్తు. మీ ఇంట్లో రోబో ఇప్పుడు బాగానే పనిచేస్తుంటే ఈ ఆదివారమే ఆ స్టిక్కర్ రాసి పెట్టండి. కొత్తదైతే మరీ మంచిది. మూడు నెలలకోసారి అదే బంతితో, అవే నాబ్ గీతల దగ్గర మళ్ళీ వీడియో తీసి ఫ్రేములు లెక్కపెట్టండి. అంకె పెరుగుతుంటే ముందు బంతులు కడగండి, చక్రాలు తుడవండి, షాఫ్ట్ మీద వెంట్రుకలు చూడండి. అయినా పెరుగుతుంటే కనెక్టర్లు అటూ ఇటూ మార్చి చూడండి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు కూడా చక్రాలు తిరుగుతున్నాయని చూసి డబ్బు ఇవ్వొద్దు. గీత గీసిన బంతి ఒకటి జేబులో పెట్టుకుని వెళ్ళి, పై చక్రం నాబ్ చివరిదాకా తిప్పించి, ఆ బంతిని వీడియో తీసుకున్నాకే ధర మాట్లాడండి.